బెల్లం మెడలోని గొంతు

జూన్ 4, బుధవారం

కమిటీ వారు ఈ పుస్తకం ఇచ్చి, వచ్చిన ప్రతి కుందేలుకూ నంబరు, బరువు, తిండి, పెంటికలు రాయమన్నారు. అంతకు మించి ఒక్క ముక్క రాయొద్దన్నారు. మరి ఇన్ని కాగితాలు ఎందుకు కుట్టారో వాళ్ళకే తెలియాలి. నేను రాయాలనుకున్నది రాస్తాను. నచ్చకపోతే ఇరవై అంతస్తులు దిగి వచ్చి వాళ్ళే పెంటికలు ఎత్తుకోవచ్చు.

ఈ రోజు ఆరు వచ్చాయి. మొత్తం నలభై. మే నెలాఖరు దాకా, వదిలేసిన కుందేళ్ళకని ఇచ్చిన ఈ పాత పార్కింగులో ఉన్నవి మూడే మూడు. ఒకటో తారీకున కంపెనీ వాళ్ళు పలుకు సేవ ఆపేశారు. అంతే, ఆ మర్నాటి నుంచీ మెట్ల మీద కుందేళ్ళు, లిఫ్టులో కుందేళ్ళు, నీళ్ళ పంపుల పక్కన కుందేళ్ళు.

మెరకపేట టవర్లు కట్టినప్పుడు కుక్కల్ని రానివ్వలేదు, మొరుగుతాయని. పిల్లుల్ని రానివ్వలేదు, ఆకు పెంచే అరల్లో దూరతాయని. నోరు లేనిది కదా అని కుందేలును రానిచ్చారు. నోరు లేదని మళ్ళీ బెంగ పెట్టుకుని దాని మెడకు పలుకుపట్టీ కట్టారు. అది నాడి చూసి, నడక చూసి, కుందేలు తరఫున మాట్లాడేది. "నాకు ఆకలేస్తోంది." "నాకు హాయిగా ఉంది." ఎనిమిదేళ్ళు ఆ మాటలు విని ముద్దు చేసినవాళ్ళు, మాట ఆగిన మూడో రోజుకే తెచ్చి పారేస్తున్నారు. పన్నెండో అంతస్తు ఆవిడ ఒకతె నా మొహం మీదే అంది: "మాటాడని దానితో ఏటి కాలక్షేపమండీ?" మీ ఆయనా మాట్లాడడు కదమ్మా, ఆయన్నీ దింపేయకపోయావా అన్నాను. ఆవిడ ఫిర్యాదు చేస్తుంది, చేసుకోనీ.

ఇక్కడికి వచ్చిన ప్రతి కుందేలుకూ నేను మొట్టమొదట చేసే పని పట్టీ కోసి తుక్కు డ్రమ్ములో పడేయడం. కింద చర్మం పుండు పడుతుందన్నది ఒక కారణం. రెండోది నా సొంతం. నాకూ ఒకటి ఉండేది, దూది అని. ఆస్పత్రిలో ఆయాగా చేసే రోజుల్లో డ్యూటీ దిగి వచ్చేసరికి మూలన ముడుచుకుని కూర్చుంది. "నాకు హాయిగా ఉంది" అంది పట్టీ. నొప్పి పైకి కనబడనిస్తే ఏ నక్కో పట్టుకుపోతుందని కుందేలు పుట్టుకతోనే దాచుకుంటుంది. కదలకుండా కూర్చుంటే పట్టీ దాన్ని హాయి అనుకుంది. నేనూ అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు రోగుల మొహాలు చూసినదాన్ని, ఆ రోజు దాని మొహం చూడలేదు, మాట విన్నాను. పొద్దుటికి కర్రలా బిగుసుకుపోయింది. అందుకని పట్టీలంటే నాకు ఒళ్ళు మంట.

జూన్ 5, గురువారం

నంబరు 41. ఆడది. లేత గోధుమ రంగు. రెండు కిలోల నూరు గ్రాములు. వయసు ఏడేళ్ళ పైమాటే.

ఐదింటికి గడ్డి దులుపుతుంటే లిఫ్టు తలుపు దగ్గర బుట్ట కనిపించింది. అడుగున మెత్తగా మడిచిన నూలు చీర, పక్కన కొత్తిమీర కట్ట. గోళ్ళు తీసి ఉన్నాయి, చెవులు శుభ్రంగా ఉన్నాయి, బొచ్చులో ఒక్క చిక్కు లేదు. ఇంత నిక్షేపంగా పెంచి ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. పారేసేవాళ్ళు చీర మడిచి మరీ పారేస్తారా?

పట్టీ మీద చిన్న పచ్చ దీపం ఇంకా మినుకుమంటోంది. మిగతావన్నీ ఆరిపోయి వచ్చాయి. ఒక్క క్షణం చేతిలో పట్టుకుని చూశాను. తర్వాత డ్రమ్ములో పడేశాను.

పార్కింగులో కార్లు ఎప్పుడో పోయాయి గానీ తెల్ల గీతలు మిగిలాయి. రెండు గీతల మధ్య ఒక గూడు. 41ని స్తంభం పక్క గూట్లో ఉంచాను. అక్కడ గోడ చల్లగా ఉంటుంది.

జూన్ 6, శుక్రవారం

41 తిండి: లేదు. పెంటికలు: నిన్న సాయంత్రం నాలుగు, ఆవగింజలంత. ఇవాళ లేవు.

గడ్డి ముట్టలేదు. పుదీనా పెట్టాను, వాసన కూడా చూడలేదు. గూటి తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంటోంది. ఏ చప్పుడైనా చెవులు లేస్తాయి, మళ్ళీ వాలిపోతాయి.

ఎవరూ బయట తిరగొద్దని రోజూ మోగే ఎండ సైరన్ మోగకముందే డాక్టర్ సబీనా వచ్చి చూసింది. పద్నాలుగో అంతస్తులో ఉంటుంది, వయసులో నా కూతురంత. పొట్ట మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"పేగు దాదాపు ఆగిపోయింది రత్నమాంటీ. పళ్ళు బాగానే ఉన్నాయి, జ్వరం లేదు. దిగులు పెట్టుకుంది. సిరంజితో జావ పట్టండి, పొట్ట నిమరండి. తనంతట తాను తినడం మొదలుపెట్టకపోతే మాత్రం ఎన్నాళ్ళో ఉండదు."

సబీనా వెళ్ళాక తుక్కు లిఫ్టు వచ్చింది. ప్రతి శుక్రవారం వస్తుంది. పట్టీల డ్రమ్ము నేనే దొర్లించి ఎక్కించాను. కిందికి వెళ్ళిన అరగంటకు తుక్కు నలిపే పిండిమర చప్పుడు వినబడుతుంది, అన్నీ పొడి అయిపోతాయి. ఆ చప్పుడంటే నాకిష్టం.

జూన్ 7, శనివారం

41 తిండి: సిరంజితో గడ్డిపొడి జావ, నాలుగు సార్లు. పెంటికలు: రెండు.

పొద్దున్నే ఒక మనిషి వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. తెల్ల లుంగీ, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. గూళ్ళన్నీ వరసగా చూసుకుంటూ వచ్చి స్తంభం దగ్గర ఆగిపోయాడు.

"బెల్లం" అన్నాడు. కుందేలు చెవులు నిలువునా లేచాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీదేనా బాబూ? సిగ్గు లేదేటి? బుట్టలో పెట్టి లిఫ్టు కాడ వదిలేస్తారా? రెండు రోజుల బట్టి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, తెలుసా?"

ఆయన నన్ను ఎదిరించలేదు. నేల మీద కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పేరు జోగినాయుడు. పందొమ్మిదో అంతస్తు. ఊళ్ళు మునగకముందు పడవ ఇంజన్లు బాగుచేసేవాడట. భార్య మాణిక్యం ఊపిరితిత్తుల జబ్బుతో పోయి నాలుగేళ్ళు. కంపెనీ వాళ్ళు పట్టీకి ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు పెట్టేవారు. పోతానని తెలిశాక ఆవిడ ఆర్నెల్లు కూర్చుని, ఆయాసపడుతూనే మాటలన్నీ చదివి తన గొంతు ఇచ్చింది.

"నాలుగేళ్ళు ఇది మా మాణిక్యం గొంతుతోనే మాటాడింది సెల్లెమ్మా. ఆకలేస్తంది అనీది. ఉక్కగున్నాది అనీది. తెల్లారగట్ల దీన్ని పిలిసి కాడలు పెట్టీది కదా, ఆ పిలుపు కూడా అందులో దాసింది. నాను బొత్తాం నొక్కితే ఆవిడే పిలిసీది, ఇది పరిగెట్టుకొచ్చి తినీది. ఒకటో తారీకు నుంచి అన్నీ బందు. మూడు దినాలు నా ఎదరే కూకొని నా మొకంలోకి సూసింది. మాణిక్యం నామీద అలిగి కూకున్నట్టుండీది. తట్టుకోలేక ఒగ్గీసినాను."

తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది.

"నిన్న మా అంతస్తు కరెంటు కుర్రోడు సెప్పినాడు. సేవ బందైనా ఆ పిలుపు మాత్రం పట్టీలోనే ఉంటాదంట. ఇప్పి తీయొచ్చంట. ఆ పట్టీ ఓపాలి ఇయ్యమ్మా. నీకు దండం పెడతాను."

ముందటి రోజే పిండిమర చప్పుడు విని సంబరపడినదాన్ని నేను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు ఆయన సంచిలోంచి కొత్తిమీర కాడ తీసి, ఏదో పిలుపు పిలిచాడు. 41 లేచి వచ్చింది. రెండు రోజులుగా చచ్చినట్టు పడి ఉన్నది, వచ్చి ఆయన వేళ్ళ మధ్య కాడను కరకర నమిలింది.

"పట్టీలన్నీ కలిసిపోయాయండీ" అన్నాను. "వెతకాలి. రోజూ పొద్దున్నే రండి, దొరికితే ఇస్తాను."

అబద్ధం. పట్టీలు అబద్ధాలు చెబుతాయని అందరినీ తిట్టిపోసే నోటితోనే చెప్పాను.

జూన్ 8, ఆదివారం

41 తిండి: కొత్తిమీర కాడలు ఆరు, గడ్డి గుప్పెడు. పెంటికలు: పదిహేను, శనగగింజంత. బరువు నిన్నటి మీద ఇరవై గ్రాములు ఎక్కువ.

ఆయన ఐదింటికల్లా వచ్చాడు. ఆయన లేనప్పుడు నేను పెడితే ముట్టడం లేదు. అందుకని పిలుపు ఇక్కడ రాసి ఉంచుతున్నాను, ఎందుకైనా పనికొస్తుంది: "బెల్లమ్మా, ఓ బెల్లమ్మా, కాడలు తెచ్చినానే తల్లీ." అంతే.

వెళ్ళేటప్పుడు అడిగాడు. "దొరికిందేటి?"

"ఇంకా లేదండీ."

జూన్ 9, సోమవారం

41 తిండి: బాగుంది. పెంటికలు: నలభై దాకా. రాసేటప్పుడు నవ్వొచ్చింది, పెంటికలు చూసి ఇంత మురిసిపోయేది ఈ టవరులో నేనొక్కదాన్నే.

జోగినాయుడు గారు ఫ్లాస్కుతో టీ తెచ్చారు. మాణిక్యానికి బెల్లం టీ ఇష్టమట, కుందేలుకు ఆ పేరు అలా వచ్చిందట. ఆవిడ కోపం గురించి, పీతల పులుసు గురించి, సినిమా హాల్లో నిద్రపోవడం గురించి చెప్పారు. పట్టీ సంగతి అడుగుతారని భయపడుతూ వింటున్నాను. చివరికి అడగనే అడిగారు.

"కరెంటు కుర్రోడు బుధవారం సాయంత్రం పక్క టవరుకి మారిపోతాడంట. ఆలోగా దొరికితే బావున్ను."

సబీనాకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"ఇంకో వారం ఆగండి ఆంటీ. పేగు ఇప్పుడిప్పుడే కదులుతోంది. నెమ్మదిగా మీ చేత్తో తినడం కూడా అలవాటు చేయొచ్చు. ఇప్పుడు ఆయన రావడం మానేస్తే కష్టం."

జూన్ 10, మంగళవారం

41 తిండి: బాగుంది. బరువు పెరిగింది.

నేను పెడితే రెండు కాడలు తిన్నది. అయితే ఆయన పక్కన కూర్చున్నారు కాబట్టి తిన్నది.

ఇవాళ ఆయన గుండీలు సరిగ్గా పెట్టుకుని, తల దువ్వుకుని వచ్చారు. జేబులోంచి చిన్న స్పీకరు తీసి చూపించారు. కుర్రాడు ఇచ్చాడట, పిలుపు అందులోకి ఎక్కించి మంచం పక్కన పెట్టుకోవచ్చట. "రోజుకి ఒక్కపాలే ఇంటాను సెల్లెమ్మా. అరిగిపోద్దేమో అని బయ్యం" అన్నారు నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక ఇక నావల్ల కాలేదు. అప్పుడే చెప్పాల్సింది. మొదటి రోజే చెప్పాల్సింది. రేపు చెబుతాను. ఒక మనిషి ఆశను మేతగా వేసి కుందేలును బతికించే హక్కు నాకెవరిచ్చారు?

జూన్ 11, బుధవారం

41 తిండి: పొద్దున కాడలు ఐదు. తర్వాత లేదు.

అది తినేదాకా ఆగి చెప్పాను. "నాయుడు గారూ, పట్టీ లేదండీ. అది వచ్చిన రోజే కోసి డ్రమ్ములో పడేశాను. శుక్రవారం నా చేత్తోనే పంపేశాను. పొడి అయిపోయింది. మీరు రావడం మానేస్తే ఇది చచ్చిపోతుందని మీతో అబద్ధం ఆడాను."

అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆయన చేతిలో మిగిలిన కాడను కుందేలు ముందు పెట్టారు. గోడ పట్టుకుని లేచారు.

"దీపం ఎలగతందా, అప్పుడు?" అని అడిగారు.

"వెలుగుతోందండీ."

తల ఊపి వెళ్ళిపోయారు. స్పీకరు నేల మీద మర్చిపోయారు.

జూన్ 12, గురువారం

41 తిండి: సిరంజి జావ, సగం కక్కేసినట్టు బయటికే పోయింది. పెంటికలు: మూడు.

ఆయన రాలేదు. పిలుపు నేను పిలిచాను. ఈ పుస్తకం ముందు పెట్టుకుని, రాసింది రాసినట్టు పిలిచాను. బెల్లం చెవులు లేపింది. మెడ సాచి చూసింది. ఇంకా ఏదో కావాలన్నట్టు ఎదురుచూసింది. నేను మళ్ళీ పిలిచాను. అది చెవులు దించేసి గోడ వైపు తిరిగింది.

సాయంత్రం ఎండ తగ్గిందని రెండో సైరన్ మోగాక పందొమ్మిదో అంతస్తుకు వెళ్ళాను. కరెంటు కోతలో లిఫ్టు లేదు, మెట్లెక్కేసరికి మోకాళ్ళు విరిగిపోయాయి. తలుపు తీయలేదు.

"నన్ను తిట్టండి నాయుడు గారూ, ఎంతైనా తిట్టండి. దాన్ని మాత్రం చూడండి ఒకసారి. మీరు పిలిస్తే తింటుంది."

లోపల్నుంచి గొంతు వచ్చింది. "నాను పిలిసినా అది నాకోసం రాలేదమ్మా. ఆవిడనుకొని వొచ్చింది. ఎల్లిపో సెల్లెమ్మా, నాకు ఓపిక నేదు."

గడప దగ్గర స్పీకరు పెట్టి దిగి వచ్చేశాను.

జూన్ 13, శుక్రవారం

సబీనా రెండు సార్లు వచ్చింది. సూది మందు ఇచ్చింది. పొట్ట రాయిలా అయిపోయింది. పళ్ళు నూరుతోంది. కుందేలు పళ్ళు నూరిందంటే ఇక దాచుకోలేనంత నొప్పి అన్నమాట.

ఒళ్ళో పెట్టుకుని ఆ నూలు చీర కప్పాను. పిలుస్తూనే ఉన్నాను. నా గొంతు పీచు పీచుగా అయిపోయింది. ఒకసారి, ఒకే ఒక్కసారి, నా వేళ్ళ దగ్గర కాడను ముట్టుకుంది. నమలలేదు.

మధ్యాహ్నం మూడుంపావు. 41, బెల్లం. బరువు ఒక కిలో ఎనిమిది వందల తొంభై.

"మీ తప్పు కాదు ఆంటీ, వయసు కూడా ఉంది" అంది సబీనా. మంచి పిల్ల. డాక్టర్లు ఆస్పత్రిలో కూడా బంధువులతో ఇలాగే అనేవారు, నేను పక్కనే నిలబడి వినేదాన్ని.

తుక్కు లిఫ్టు వచ్చింది. ఈ వారం డ్రమ్ము పంపలేదు.

జూన్ 15, ఆదివారం

నిన్న ఏమీ రాయలేదు. ఆ నూలు చీరలోనే చుట్టి, ఆకు అరల వెనక మట్టి పోసే చోట పాతిపెట్టాను. కమిటీ వారి అనుమతి అడగలేదు.

ఇవాళ ఐదింటికి జోగినాయుడు గారు వచ్చారు. చేతిలో కొత్తిమీర కట్ట. నీళ్ళు చిలకరించి తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. గబగబా స్తంభం దగ్గరికి నడిచి, ఖాళీ గూడు చూసి ఆగిపోయారు.

నేను చెప్పనక్కర్లేకపోయింది. అయినా చెప్పాను, ఈసారి అయినా నా నోటితో నేనే చెప్పాలని. "శుక్రవారం మధ్యాహ్నం పోయిందండీ."

ఆయన మొదటి రోజు కూర్చున్న చోటే కూర్చున్నారు. కొత్తిమీర కట్ట ఒళ్ళో పెట్టుకున్నారు. అన్నారు: "కోపంతోటి మూడు దినాలు ఉండిపోనాను. మూడు దినాలే కదా అనుకున్నాను."

"నేను పిలిచానండీ. మీరు పిలిచినట్టే పిలిచాను. చెవులు లేపింది గానీ రాలేదు."

"ఎలగ పిలిసినావు? పిలు."

"ఇప్పుడెందుకండీ..."

"పిలు సెల్లెమ్మా."

ఖాళీ గూటి ముందు వంగి పిలిచాను. "బెల్లమ్మా, ఓ బెల్లమ్మా, కాడలు తెచ్చినానే తల్లీ."

ఆయన తల అడ్డంగా ఊపారు. "మాటలు అవే. ఆ తర్వాతది ఒగ్గీసినావు. మాణిక్యానికి ఆయాసం కదా. అంత మాట అన్నాక ఒక ఊపిరి తీసీది. లోపలికి, గట్టిగా, ఈల ఏసినట్టు వొచ్చీది. మాటలకి ఇది సెవులెత్తీది. ఆ ఊపిరి ఇన్నాకే పరిగెట్టీది."

నాకు గుర్తొచ్చింది. ఆయన పిలిచిన ప్రతిసారీ చివర ఊపిరి తీసేవారు. ముసలాయన, మెట్లు దిగి వచ్చాడు, ఆయాసం అనుకున్నాను. ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు ఊపిరి లెక్కపెట్టినదాన్ని, ఆ ఊపిరి ఒక్కటీ రాసుకోలేదు. ఆ రోజు మెడ సాచి బెల్లం ఎదురుచూసింది ఆ ఊపిరి కోసం.

ఏడుపు ఆగలేదు. ఆయన ముందే, నేల మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. నా ఏడుపు తగ్గేదాకా కూర్చున్నారు.

తర్వాత, "ఇంకోపాలి" అన్నారు.

పిలిచి, ఊపిరి తీశాను. "పొడుగైపోయింది" అన్నారు. మళ్ళీ పిలిచాను. "ఇంకా గట్టిగా. గొంతులో కాదు, గుండెలోంచి తీసీది." నాలుగోసారి పిలిచి ఊపిరి తీసినప్పుడు ఆయన ఏమీ అనలేదు. తిరిగి చూశాను. కళ్ళు మూసుకుని, కొత్తిమీర కట్టను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"ఇంకోపాలి అను" అన్నారు.

అన్నాను. ఎండ సైరన్ మోగేదాకా అంటూనే ఉన్నాను.

జూన్ 16, సోమవారం

జూన్ 8న రాసిన పిలుపులో తప్పుంది. ఇలా దిద్దుకోవాలి: "బెల్లమ్మా, ఓ బెల్లమ్మా, కాడలు తెచ్చినానే తల్లీ." తర్వాత ఒక ఊపిరి, లోపలికి, గట్టిగా.

జోగినాయుడు గారు వచ్చారు. కొత్తిమీర అంతా మిగతా గూళ్ళలో పంచారు. వెళ్ళేముందు స్తంభం దగ్గర నిలబడ్డారు, నేను ఒకసారి పిలిచాను. రేపు కూడా వస్తానన్నారు.

ఇవాళ మూడు కొత్తవి వచ్చాయి, 57, 58, 59. పట్టీలు కోయకుండా నెమ్మదిగా విప్పాను. ఒక్కో దాని లోపలి వైపు చెక్కి ఉన్న ఇంటి నంబరు చీటీ మీద రాసి కట్టి, డబ్బాలో పెట్టాను. సాయంత్రం ఆ ఇళ్ళకు వెళ్ళి అందులో ఎవరి గొంతు ఉందో అడగాలి.